మన స్కూల్ చరిత్రలో అయిదు పేర్లు చేర్చిన కరుణ

నిన్న పొద్దున్నే ఫోన్. కరుణ కూతురు.

"ఆంటీ, అమ్మ లేదు" అంది.

"లేకపోవడమేంటమ్మా, నిన్న సాయంత్రమేగా నాతో మాట్లాడింది" అన్నా.

అర్థం కాక కాదు. ఒప్పుకోబుద్ధి కాక.

నిద్రలోనే పోయిందట.

ఈ గ్రూప్‌లో చాలామందికి కరుణ అంటే నందిగామలో లెక్కలు చెప్పిన టీచరమ్మ. నేను మెసేజ్ పెడితే చాలు, ఒత్తులు దిద్ది తిరిగి పంపే మనిషి.

నాకు మాత్రం అరవైల్లో జగ్గయ్యపేటలో, హైస్కూల్లో, ఆరో క్లాస్ నుంచి ఎస్ఎస్ఎల్‌సీ దాకా ఒకే బెంచీ.

మాది కాస్త భూమీ పుట్రా ఉన్న ఇల్లు. నాన్న స్కూల్ కమిటీ మెంబరు. కరుణ వాళ్ళమ్మ దీవెనమ్మ గారు కూలి పనికెళ్ళేవారు.

ఆవిణ్ణి అప్పట్లో మా ఇంట్లో ఎవరూ 'గారు' అనలేదు. ఇప్పుడు నేనంటున్నా.

పేటలో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ప్రతి ఏడూ యానివర్సరీకి ఎస్ఎస్ఎల్‌సీ వాళ్ళలో ఒకరు స్టేజీ ఎక్కి స్కూల్ చరిత్ర చదవాలి. అట్ట వేసిన పొడుగాటి నోట్‌బుక్. తాటాకు పాకలో మొదలైన బడి, స్థలం ఇచ్చిన వారు, రాయి తోలించిన వారు, తలుపులు చేయించిన వారు... అన్నీ అందులో ఉండేవి.

అది చదవడమంటే ఫస్ట్ ర్యాంక్ కంటే గొప్ప మాకు.

మా ఏడు హెడ్‌మాస్టారు కరుణకిచ్చారు. మైకు పాడైనా వెనక వరసకి వినపడే గొంతు మరి.

వారం రోజులు ఇంట్లో పైకి చదువుతూ ప్రాక్టీస్ చేసింది. పొయ్యి దగ్గర కూర్చుని వింటున్న దీవెనమ్మ గారు ఒకరోజు అడిగారట.

"అందరూ ఉన్నారు గానీ, మా ఊసే లేదేంటే అందులో?"

"మీ ఊసేంటమ్మా?"

"ఆ గోడలకి సున్నం కలపడానికి ఏటి నుంచి నీళ్ళు మోసింది మేం అయిదుగురం. అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు."

మర్నాడు కరుణ ఈ మాట నాకు చెప్పి, "ఆ పేర్లు కూడా చదువుతా" అంది.

"వద్దే బాబూ, టీసీ ఇచ్చి పంపేస్తారు" అని బతిమాలా. అది విన్నదెప్పుడు!

ఆ రోజు నాన్న ముందు వరసలో ఉన్నారు. కరుణ చరిత్ర మొత్తం చక్కగా చదివింది. చప్పట్లు కొట్టారు.

అప్పుడు నోట్‌బుక్ మూసేసి,

"ఇంకొక్క మాటండి. ఇది పుస్తకంలో లేదు" అంది.

"ఈ గోడలకి నీళ్ళు మోసినవాళ్ళు దీవెనమ్మ, మార్తమ్మ, ఏసమ్మ, సుందరమ్మ, రాహేలమ్మ. మొదటావిడ మా అమ్మండి."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

కమిటీలో ఒకాయన కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయాడు. నేను తల దించుకుని కూర్చున్నా. నా ఫ్రెండ్ స్టేజీ దిగి వస్తుంటే కూడా తలెత్తలేదు.

ఆ సంగతి దానికి యాభై ఏళ్ళ తర్వాతగానీ చెప్పుకోలేకపోయా. "నాకు తెలుసులేవే" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో నేనే అడిగా, "కరుణ చెప్పింది నిజమేనా నాన్నా?" అని.

"నీళ్ళు మోసిన మాట నిజమే. పేర్లు మేం అడగలేదు" అన్నారు.



మర్నాడు ప్రేయర్ అవగానే హెడ్‌మాస్టారు కరుణని రూమ్‌కి పిలిచారు. నేనూ వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డా. అంతమాత్రం ధైర్యం వచ్చింది ఎలాగో.

"ముందు నాకు చెప్పాలా వద్దా?" అని గట్టిగా కేకలేశారు.

"చెబితే వద్దంటారని చెప్పలేదండి."

తర్వాత సొరుగు లాగిన చప్పుడు. నోట్‌బుక్ తీసి తన పెన్నే ఇచ్చారట.

"అయిదు పేర్లూ రాయి. కుదురుగా రాయి."

బయటికొచ్చాక చూపించింది, వేళ్ళ నిండా సిరా.

మరుసటేడు చదివిన కుర్రాడు ఆ పేర్లు కూడా చదివాడు. మేం పాసై వెళ్ళిపోయినా చూడ్డానికి వచ్చాం. దీవెనమ్మ గారు గేటు దగ్గరే నిలబడిపోతే, నాన్న వెళ్ళి "లోపలికి రామ్మా, కూర్చో" అని పిలిచారు.

ఆవిడ వచ్చి, మా అమ్మ పక్క కుర్చీలో అంచు మీద కూర్చున్నారు. తన పేరు వినపడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వారో ఏడ్చారో నాకు ఇప్పటికీ తెలీదు.

పోయిన నెల దాన్ని అడిగా, "ఆ రోజు స్టేజీ మీద భయమెయ్యలేదటే?" అని.

"కాళ్ళు గడగడా వణికాయే. పరికిణీ ఉంది కాబట్టి ఎవరికీ కనపళ్ళేదు" అంది.

ఇద్దరం ఫోన్లోనే పడీ పడీ నవ్వాం.

వెళ్ళిరా కరుణా. నీ బెంచీ సరోజ తలెత్తుకునే సాగనంపుతోంది నిన్ను.

నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర, మీ అమ్మ పక్కన, చల్లగా ఉండు.