ఇసోనో టీ డబ్బాలు

ఇసోనో టీ డబ్బాల నిండా నోట్లు కుక్కి దాచుకుందట. ఏమీ లేనిదానిలా కాగితాల మీద మొగుడి చేత ముద్ర వేయించి, ఆయన్ని ఊరి ఖర్చు మీద వృద్ధాశ్రమంలో పడేసిందట. ఎండబెట్టడానికి పెర్సిమన్ పళ్ళు ఒలిచే షెడ్డులో ఈ మాట మొదలుపెట్టింది పక్కింటి కుమె.

"మొగుడి తిండి ఊరు పెడుతోంది. ఈవిడేమో డెబ్బై దాటినా కత్తి పట్టుకుని కూలికొస్తోంది. ఇంకెంత దాచుకుంటే కడుపు నిండుతుందమ్మా?"

"పోనీలే పిన్నీ, నీ డబ్బాలెక్కడున్నాయో మేం అడిగామా?" అందో పిల్ల. అందరూ నవ్వారు.

గుమ్మంలో గంప దించుతున్న ఇసోనోకి అంతా వినబడింది. తన పీట మీద కూర్చుని, ఒక పండు తీసుకుని తొక్క ఒలవడం మొదలుపెట్టింది.

డబ్బాల మాట అబద్ధం కాదు. భర్త తకెజీ బియ్యపు సారా కాచే కార్ఖానాలో పని చేసినన్నాళ్ళూ జీతం కవరు విప్పకుండా తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. ఆయన చేతిఖర్చు ఆమే ఇచ్చేది. ఆమె సాయంత్రం దుకాణం కట్టేసే వేళకి వెళ్ళి సగం ధరకిచ్చే చేప కొనేది. మిగిలింది టీ డబ్బాలో పడేది. ఆ ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఆడదానికీ అలాంటి దాపు ఒకటి ఉంటుంది. భార్య చెప్పదు. భర్త అడగడు.

వసంతంలో తకెజీకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది కానీ తెలివి చెక్కుచెదరలేదు. ఆశ్రమంలో చోటు దొరికింది. గదికీ భోజనానికీ రాయితీ అడగడానికి ఇసోనో పురపాలక కార్యాలయానికి వెళ్ళింది.

"మీ పేరునున్నా ఆయన పేరునున్నా ఇద్దరి డబ్బూ కలిపే చూస్తాం బామ్మగారూ. ఇంట్లో ఉంచుకున్న నోట్లు కూడా రాయాలి," అన్నాడు గుమాస్తా కుర్రాడు.

చేపల్లో మిగుల్చుకున్నది కూడానా అని అడగబోయి ఇసోనో నోరు మూసుకుంది. పొలం అమ్మిన డబ్బూ, బ్యాంకులో ఉన్నదీ కలిపితే రాయితీకి పెట్టిన పరిమితికి కాస్త లోపలే ఉంది. డబ్బాలు కలిపితే దాటిపోతుంది.

భయం ఆపుకోలేక ఆ సాయంత్రమే కుమెకి చెప్పుకుంది.

"పిచ్చి వదినా! అది నీ కడుపు మాడ్చుకుని దాచింది. ఇద్దరి డబ్బెలా అవుతుంది? నోట్లకేమైనా నోరుందా, వెళ్ళి ఆఫీసులో చెప్పడానికి?" అంది కుమె.

అప్పట్నుంచీ ఇసోనోకి ముద్ద దిగలేదు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. రాస్తే రాయితీ పోతుంది, ఉన్నది మంచులా కరిగిపోతుంది. రేపు తనే మంచాన పడితే ఎవరు చూస్తారు? రాయకపోతే, ఎప్పుడో ఒకప్పుడు బయటపడితే? వీధిలో స్కూటరు చప్పుడు వినబడితే చాలు, ఆఫీసువాళ్ళేమోనని కిటికీ దగ్గరికి వెళ్ళేది.

చివరికి డబ్బాల సంగతి లేకుండానే కాగితం నింపి, సంతకానికి బదులు వేసే తకెజీ పేరు ముద్ర కోసం ఆశ్రమానికి తీసుకెళ్ళింది. ఆయన ముద్రని ఎడమచేత్తో పట్టుకుని ఎర్రసిరాలో అద్దాడు. కాగితం వైపు చూడనే లేదు.

"ఒకసారి చదవండి," అందామె.

"నువ్వు చూశావుగా. ఇన్నేళ్ళూ కవరు విప్పనివాణ్ణి, ఇప్పుడు విప్పనా?" మాట ముద్దగా, మెల్లగా వచ్చింది.

ముద్ర కాగితానికి తగలబోతుండగా ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగండి. ఒకచోట తప్పు రాశాను."

"నువ్వా? లెక్క తప్పావా?" సగం నోటితో నవ్వాడు. "అయితే ఆ పక్క మంచం నీకోసం చెప్పి ఉంచాల్సిందే."

ఇసోనో నడవాలోకి వెళ్ళి, కాగితం గోడకి ఆనించి, ఇంట్లో ఉన్న నగదు అన్నచోట టీ డబ్బాల్లో ఉన్నదంతా రాసింది. తిరిగొచ్చింది. ఈసారీ తకెజీ చూడలేదు. గట్టిగా ముద్ర వేసి, "ఆకలేస్తోందోయ్, ఏం తెచ్చావు?" అన్నాడు.

ఆ సంగతి ఆమె కుమెకి చెప్పలేదు. నువ్వన్నట్టు చెయ్యలేకపోయానని చెప్పాలంటే సిగ్గేసింది.

ఇప్పుడు షెడ్డులో ఒలిచిన పళ్ళని ఆరబెట్టడానికి తాళ్ళకి కడుతున్నారు. కుమె తన తాడు ఎత్తి పట్టుకుని, "ఏం వదినా, మీ ఆయనకి ఊరి భోజనం వంటబడుతోందా?" అంది.

"ఉప్పు తక్కువంటున్నారు," అని ఇసోనో ఇంకో పండు అందుకుంది.

రాయితీ రాలేదు. తకెజీ గదికీ భోజనానికీ పూర్తి ఖర్చు ఆ టీ డబ్బాల్లోంచీ, పళ్ళు ఒలిచిన కూలి డబ్బుల్లోంచీ ప్రతినెలా ఇసోనోనే కడుతోంది.