అంచు జారిన చీర

గద్వాల చీర ఒంటిచేత్తో తయారయ్యేది కాదు. ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ ఒకదాన్నొకటి మెలేసుకోవాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. ఒకరు నూలు దారపు నాడె విసిరితే పక్కనున్నవారు పట్టు దారపు అంచు నాడె వేయాలి. ఎవరి ధ్యాస తప్పినా అంచు జారుతుంది. ఉమారాణి కొడుకు వంశీ బడి నుంచి రాగానే కాసేపు తల్లి పక్కన కూర్చుని అంచు నాడె వేసేవాడు. వేస్తూ, ఏ సారు ఎవరి చెవి మెలిపెట్టాడో పూస గుచ్చినట్టు చెప్పేవాడు.

వాడు తొమ్మిదో తరగతికొచ్చాక తండ్రి అనంతయ్యకు పౌరుషం పుట్టుకొచ్చింది. "నా కొడుకు నాడె పట్టుడు బంద్. పెన్ను పట్టాలె" అన్నాడు. పక్కింటి ఎల్లమ్మను మగ్గం మీద కూర్చోబెట్టి, వాడి చేతికి ఫోనిచ్చాడు. ఈ వీధిలో నేతగాళ్లందరూ చేసే తప్పే అది. పని తప్పించామని మురిసిపోతారు గాని, పనితో పాటు మాటలు కూడా తప్పిపోయాయని ఎవరికీ తట్టదు.

పదో తరగతిలో, దసరా దాటాక, వాడి ప్యాంటు ఉతుకుతుంటే జేబులో గుట్కా పొట్లం దొరికింది. అనంతయ్య చెయ్యెత్తాడు. ఉమారాణి అడ్డం నిలబడింది.

"కొడితే మానడు, దాసుకుంటడు. రేపటి సంది ఎల్లమ్మను రావొద్దను. నా పక్కన వీడే కూసుంటడు."

"సదువో?"

"గంట సేపే. సదువెక్కడికి పోదు. పోరడే పోతుండు."

మొక్కై వంగనిది మానై వంగదని అందరూ అంటారు. ఆ మొక్క దగ్గర రోజూ గంటసేపు కూర్చునే ఓపిక ఎందరికుంది? ఉమారాణికుంది. మొదటి పది రోజులు వంశీ మూతి ముడుచుకుని నాడె వేశాడు. ఆమె పొట్లం ఊసెత్తలేదు. తను చిన్నప్పుడు పెద్దమ్మ సంచిలోంచి తమలపాకులు, జర్దా దొంగిలించి నమిలి, కళ్లు తిరిగి పడిపోయి, వీధంతా పరేషాన్ చేసిన సంగతి చెప్పింది. వాడు నవ్వాపుకోలేకపోయాడు.

పదకొండో రోజు వాడే నోరు విప్పాడు. "అమ్మా, బస్టాండ్ కాడ బైకు పోరగాళ్లున్నరు గదా. ఐతారం ఒక సంచి తెచ్చియ్యమంటుండ్రు. అండ్ల గంజాయి ఉంటదంట. తేకపోతే నా గుట్కా సంగతి సారుకు చెప్తమన్నరు."

ఉమారాణికి అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. అరిస్తే వాడు మళ్లీ నోరు తెరవడని తెలుసు. అందుకని నాడె ఆపలేదు. ధ్యాస మాత్రం తప్పింది. జానెడు మేర అంచు జారిపోయింది. జారితే జారనీ అనుకుంది.

"గుట్కా సంగతి నేనే సారుకు చెప్త. ఇగ ఆళ్లకాడ బెదిరించనీకి ఏముంటది?" అంది. "మరి, ఆళ్లకేమని చెప్తవు? నేను గా పోరణ్ణి అనుకో." కొంగు నడుముకు చుట్టి, ఒంటి కాలు మగ్గం గుంత గట్టు మీద పెట్టి, గొంతు మార్చింది. "ఏంరా, బయపడ్తున్నవా? అమ్మ కూచివారా నువ్వు?"

వంశీ తెల్లబోయాడు. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న అనంతయ్య పకపకా నవ్వాడు. మూడు రోజులు ముగ్గురూ అదే ఆట. తండ్రి కూడా బైకు పోరడయ్యాడు గాని, పాపం, తిట్టడం చేతకాక రెండో మాటకే ఓడిపోయాడు.

ఆదివారం వంశీ బస్టాండుకు ఒక్కడే వెళ్లాడు. అనంతయ్య చాయ్ బండి దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. వాళ్లు సంచి మాటెత్తగానే వాడు, "నేను తేను. సారుకు మా అమ్మే చెప్పింది" అన్నాడు.

"అమ్మ కూచి!" అని వాళ్లు ఎగతాళి చేశారు.

"అవును" అని వెనక్కి తిరిగాడు. ఇంట్లో రిహార్సల్ చేసిన జవాబు అది కాదు. తండ్రి పేపరు మడిచి, కొడుకు భుజం మీద చెయ్యేసుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

అంచు జారిన చీరను ఉమారాణి చీరలు కొనే షావుకారుకు ఇవ్వలేదు. తనే ఉంచుకుంది. బడిలో తల్లిదండ్రుల మీటింగుకు అదే కట్టుకెళ్లింది. పిల్లల్ని చెడు సావాసాల నుంచి ఎలా కాపాడుకున్నారో చెప్పమని, సంగతంతా తెలిసిన సారు పిలిస్తే, లేచి నిలబడింది గాని నోట మాట రాలేదు. వంద మంది ఎదుట ఆమె ఎన్నడు మాట్లాడింది గనక?

వెనక బెంచీలోంచి వంశీ లేచి వచ్చాడు. రోజూ మగ్గం మీద కూర్చున్నట్టే తల్లి పక్కన నిలబడి, చీర అంచు పట్టుకుని అందరికీ చూపించాడు.

"ఈడ జారింది సూడుండ్రి. గప్పుడే నేను అమ్మకు నిజం చెప్పిన."

ఉమారాణి తలెత్తి నిలబడింది. ఆమె నేసిన చీరలు ఎందరో కట్టుకున్నారు. ఇంత గర్వంగా మాత్రం ఎవరూ కట్టుకుని ఉండరు.