ఆకురాయి తిన్న కిరీటం

మా వదిన మొండిమనిషి. ఆ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే నేను అంతకన్నా మొండివాణ్ణి. నాకు ముక్కు మీద కోపం. ఆవిడకు కోపమే రాదు. నా కోపానికి సగం కారణం అదే.

ఇద్దరం చిత్రకళా కళాశాలలో పనివాళ్లమే. అక్కడ పెద్ద హాల్లో గ్రీకు, రోమన్ దేవతల ప్లాస్టర్ విగ్రహాలు ముప్పై ఆరు ఉన్నాయి. పిల్లలు వాటిని చూసి బొమ్మలు వేయడం నేర్చుకుంటారు. విరిగిన వేలో ముక్కో అతికించడం నా పని. పొద్దున్నే నిచ్చెనెక్కి మెత్తటి కుంచెతో వాటి దుమ్ము దులపడం వదిన పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తోందని పిల్లలు ముద్దుగా ‘దుమ్మక్క’ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆవిడ పలికేది కూడా.

యాభై దాటాక ఆవిడకు చదువు మీదికి మనసు పోయింది. గ్రీకు, రోమన్ పురాణాల గురించి, వాటి నుంచి పుట్టిన చిత్రాలూ శిల్పాల గురించి కళాశాలలో సాయంత్రం తరగతి పెట్టారు. పనివాళ్లూ చేరవచ్చన్నారు. మొదటిరోజే వెళ్లి మొదటి బెంచీలో కూర్చుంది.

“ఈ వయసులో ఆ దేవుళ్ల గొడవ నీకెందుకు వదినా?” అన్నాను.

“ఇరవై రెండేళ్లుగా వాళ్ల చెవులు శుభ్రం చేస్తున్నా. ఎవరి చెవులో తెలుసుకోవద్దూ?” అంది.

అప్పట్నుంచి వంటింట్లో ఒకటే కథలు. అన్నయ్య కూరగాయలు తరుగుతూ, “ఇంతకీ ఆ పిడుగుల దేవుడి భార్యెవరే?” అని అడిగేవాడు. “ఆ సంగతి ఆయనకే గుర్తుండదు” అనేది వదిన.

తరగతి చివర్లో నోటి పరీక్ష ఉంది. నెగ్గితే హాలు చూడవచ్చినవాళ్లకు కథలు చెప్పే గైడు ఉద్యోగం. లేదంటే మళ్లీ నిచ్చెన. అప్పటికే ఆవిడ మోకాళ్లు మూడో మెట్టు దగ్గర మొరాయిస్తున్నాయి. నిచ్చెన ఎక్కలేని రోజున పనీ ఉండదని అందరికీ తెలుసు.

తనకు నచ్చిన విగ్రహం ముందు నిలబడి మాట్లాడాలి. వదిన కిటికీ పక్కన చేతిలో పండు పట్టుకున్న అమ్మాయిని ఎంచుకుంది. దాని కింద అట్ట మీద ‘ఆపిల్‌తో వీనస్’ అని రాసి ఉంటుంది. వీనస్ అంటే ప్రేమదేవత. పదిహేనేళ్ల కింద అలా రాసింది పాఠం చెప్పే మేడమే. పరీక్ష పెట్టేదీ ఆవిడే.

పరీక్షకు వారం ముందు వదిన నా షెడ్డుకొచ్చింది.

“అది వీనస్ కాదు. ఆ చేతిలో ఉన్నది ఆపిలూ కాదు” అంది.

“మరేంటి, బంతా?”

“దానిమ్మ. పదహారేళ్ల కింద ఆ చెయ్యి విరిగింది, నువ్వే అతికించావు, గుర్తుందా? అంతకుముందు ఆ పండు కొన దగ్గర నా కుంచె రోజూ చిక్కుకునేది. నువ్వు అతికించాక చిక్కడం మానేసింది. అక్కడ చిన్న కిరీటం ఉండేది మరిదీ. నువ్వు అరగదీసేశావు.”

నాకు ఒళ్లు మండిపోయింది. నా చేతిపనికి వంక పెట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. “పెచ్చులూడితే నున్నగా చేశాను, అంతే! పిచ్చిగానీ పట్టిందా? మేడమ్ రాసింది చదివి మార్కులు తెచ్చుకో, పో!” అని అరిచాను.

“ఆ మొహం చూడు. ఎక్కడైనా నవ్వుందా? కాలు ముందుకేసి, తల వెనక్కి తిప్పింది. తల్లి కోసం చూస్తోంది” అంది నింపాదిగా. “పాతాళంలో నాలుగు దానిమ్మ గింజలు తిన్నందుకు ఏడాదిలో కొన్నాళ్లు అక్కడే ఉండాల్సొచ్చిన పిల్ల. గ్రీకులు పెర్సెఫొనీ అన్నారు, రోమన్లు ప్రొసెర్పినా అన్నారు. మన పిల్లలేమో ప్రేమదేవత కదాని ఆ పెదాలకు లేని నవ్వు గీస్తున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.”

నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కానీ ఆకురాయి పట్టుకున్నప్పుడల్లా మనసు పీకడం మొదలుపెట్టింది. విగ్రహాలు పోసిన పాత అచ్చుల్ని నా ముందటి మేస్త్రీ గుడ్డల్లో చుట్టి అటక మీద పెట్టి వెళ్లాడు. చెయ్యి విరిగినప్పుడే అటకెక్కి అచ్చు చూసుంటే సరిపోయేది. అప్పుడేమో ‘నాకు తెలీదా ఏంటి’ అనుకున్నాను. ఐదోరోజు ఎక్కాను. ఆ చేతి అచ్చు దొరికింది. సబ్బునీళ్లు పూసి, ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విప్పాను.

పండు కొనన ఐదు చిన్న మొనలు, అచ్చం దానిమ్మ కిరీటం. నాకు తల కొట్టేసినట్టయింది. దాన్ని నేలకేసి కొడితే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వచ్చింది.

పరీక్షరోజు హాలంతా నిండిపోయింది. వదిన ఉతికిన చీర కట్టుకుని, కుంచె చేత్తో పట్టుకునే వచ్చింది. ఒక్కచోట కూడా తడబడలేదు. తల్లి దుఃఖం వల్ల నేల పండకపోవడం, కూతురు తిరిగొస్తే చిగురించడం, చేతిలో దానిమ్మ ఒక్కటి పెట్టి చిత్రకారులు ఆ కథంతా గుర్తుచేయడం, అన్నీ చెప్పింది.

మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. “బాగా చెప్పావమ్మా. కానీ అది ఆపిల్ కదా. దానిమ్మ అనడానికి ఆధారం ఏముంది?”

“నా కుంచె అండీ.”

కొందరు కిసుక్కుమన్నారు.

“ఇక్కడ చిక్కుకునేది. తర్వాతెప్పుడో చెయ్యి విరిగితే బాగుచేశారు. అప్పుడు పోయింది” అంది. ఎవరు బాగుచేశారో చెప్పలేదు. నావైపు కన్నెత్తి కూడా చూడలేదు.

“కుంచె మాట నమ్మి మార్కులు వేయలేను” అంది మేడమ్, కలం తీస్తూ.

ఇక నావల్ల కాలేదు. నా పరువు కాపాడటానికి ఈవిడ తన ఉద్యోగం వదులుకుంటోంది! జనాన్ని తోసుకుంటూ వెళ్లి, చంకలో పెట్టుకొచ్చిన తువ్వాలు విప్పి కొత్త చెయ్యి బల్ల మీద పెట్టాను.

“ఇది అసలు అచ్చులో పోసిందండీ. ఆ కిరీటం అరగదీసిన ఆకురాయి నాది. ఆవిడ చెప్పిందే నిజం. తప్పు నాది.”

మేడమ్ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి, ఐదు మొనల మీదా వేలు పెట్టి చూసింది. విగ్రహం కిందున్న అట్ట పీకేసింది. ఖాళీ అట్ట మీద తన కలం పెట్టి వదినకిచ్చి, “పేరు నువ్వే రాయమ్మా” అంది. వదిన కుంచె చంకలో పెట్టుకుని, ‘పెర్సెఫొనీ’ అని రాసింది.

ఇప్పుడు ఆవిడ గైడు. నిచ్చెన నేనెక్కుతున్నాను. రోజూ ఆ అమ్మాయి దగ్గరికొచ్చేసరికి వదిన ఆగి, “ఈ కిరీటం అరగదీసింది మా మరిది. మళ్లీ తెచ్చి పెట్టిందీ మా మరిదే. అదుగో, పైనున్నాడు” అని చూపిస్తుంది. జనమంతా తలలెత్తి నన్ను చూస్తారు. నిన్న తొందరలో ఆ ముక్క మర్చిపోయింది.

“వదినా!” అని నిచ్చెన మీంచే కేకేశాను. “నా సంగతి చెప్పలేదేం?”