నీళ్లకు వెళ్లిన పద్మ

పద్మ మెట్రిక్ పాసైన రోజున నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తండ్రి లేడు. తల్లి శంకరమ్మ ఆబిడ్స్‌లో ఒక ఆఫీసు ఊడ్చి, నీళ్లు పట్టేది. అన్న కిషన్ రెండుసార్లు మెట్రిక్ తప్పి కూడా, "నేను రైల్వేల టీసీ అయిత, చూడున్రి" అని గల్లీ అంతా వినేలా చెప్పేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అయినా గల్లీ నమ్మింది. మగపిల్లాడి మాటకు మార్కులెందుకు? నువ్వేమవుతావని అడిగితే పద్మ మాత్రం తల్లి ముఖం వంక చూసేది.

కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ శేషారత్నం టీచరు పంతం పట్టి, పద్మ చేత టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టించింది. సీటొస్తే బడిలో ఉద్యోగం, రాకపోతే తల్లి చేతి చీపురు. మధ్యలో ఇంకేమీ లేదు.

ఇంటర్వ్యూకొచ్చిన అమ్మాయిలంతా ట్రైనింగు ఆఫీసు వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. ఖాళీ కుర్చీ ఉన్నా పద్మ గోడవారగా నిలబడింది. చిన్నప్పటి నుంచి తల్లి వెంట ఆఫీసుకు వెళ్లిన పిల్ల, అక్కడ కూర్చోవడం ఎరగదు. లోపలి నుంచి వచ్చిన గుమాస్తా ఆమెను ఎగాదిగా చూసి ఖాళీ కూజా చేతికిచ్చాడు.

"ఏ పిల్లా, జర నీళ్లు పట్కరా. సార్లు అడుగుతున్రు."

నేను ఇంటర్వ్యూకొచ్చిన అనబోయి, కూజా పట్టుకుని కదిలింది. పెద్దవాళ్లు నీళ్లడిగితే కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. పెరటి నల్లా దగ్గర వంతు కోసం నిలబడి, కూజా నింపి తెచ్చి, లోపల బల్ల మీద పెట్టింది. సార్లకు గ్లాసుల్లో పోసింది కూడా. బయటికొచ్చాక పక్కమ్మాయి చెప్పింది, పద్మ పేరు ఎప్పుడో పిలిచారని, పలకలేదని కొట్టేశారని.

ఇంటికెళ్లి నిజం చెబితే తల్లి తన పనిని తనే తిట్టుకుంటుందని పద్మకు భయం.

"అడిగినయి చెప్పలేకపోయిన" అంది.

నిజమేనా అని ఒక్కరూ అడగలేదు. "ఆడపిల్లతోని గంతే అయితది" అన్నాడు కిషన్, అన్నం కలుపుకుంటూ. శంకరమ్మ తల నిమిరింది. "పోనీ బిడ్డా. గాళ్ల ముంగట మనమేం మాట్లాడుతం?"

అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్మారే అని పద్మకు ఏడుపొచ్చింది. మరుసటేడు టీచరు మళ్లీ దరఖాస్తు పట్టుకొస్తే, "నాకు జవాబులు రావు టీచరమ్మా" అంది.

అప్పటికి తనూ నమ్మేసింది.