దొంగకు ఫోన్ చేసిన రోజు

పుస్తకం అచ్చేయించుకునే తాహతు లేని మాలాంటి వాళ్లకు కథల యాప్ దేవుడిచ్చిన వరమనుకున్నాను. ఎవరి సిఫారసూ అక్కర్లేదు, ఏ సంపాదకుడి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. జహీరాబాద్‌లో వంటింటి గట్టు దగ్గర రాసింది పప్పు ఉడికేలోగా ఎక్కడెక్కడివాళ్లో చదివేస్తారు. నేను కాగితం మీద రాయలేదు, ఫోన్లో వేరే దాచుకోనూ లేదు. నేరుగా యాప్‌లోని గడిలోనే టైపు చేసి, అక్కడికక్కడే ప్రచురించేదాన్ని. మా రచయితల వాట్సాప్ గ్రూపులో చాలామందిది ఇదే అలవాటు. డబ్బాలో పోసిన బియ్యం డబ్బాలోనే ఉంటాయన్నంత నమ్మకం.

నవల రాసింది నేనే గానీ మాట మా అమ్మది. ఝరాసంగం దిక్కు పల్లెకు కోడలిగా వచ్చిన నాటి నుంచి తాను పడ్డదీ నవ్విందీ తిట్టిందీ జొన్నలు చెరుగుతూ చెప్పేది. నేను పక్కన కూర్చుని ఫోన్లో కొట్టేదాన్ని. ఆమెకు చదువు రాదు, అందుకని ప్రతి భాగమూ మళ్లీ చదివి వినిపించాలి. ఎక్కడైనా నేను మాట నునుపు చేస్తే, "నేను గట్లన్ననా?" అని చాట కింద పెట్టేసేది. నేను దిద్దేదాకా మళ్లీ ముట్టేది కాదు. ఆమె గొంతు రికార్డు చేయాలని నాకెన్నడూ తోచలేదు. రాస్తూనే ఉన్నాను కదా అనుకున్నాను.

మా పక్కింట్లో బట్టలు కుట్టే ఆపా ఉంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, మిషన్ తొక్కుతూ ఫోన్లో కథలు వింటుంది. ఒకనాడు జాకెట్టు కోసం వెళితే ఆ ఫోన్లోంచి మా అమ్మ మాటలు వినిపించాయి, ఎవరో పిల్ల గొంతుతో. మొదట్లో నా పేరు చెప్పలేదు, చివర్లోనూ చెప్పలేదు. ఒళ్లు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ చానెల్ కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. రాయికోడ్ పిల్లట. కథ మంచిగుందని చదివానంది. పోలీసుల దాకా పోతానని నోటికొచ్చినట్టు తిట్టి, ఆ నంబరును 'దొంగ' అని రాసి పెట్టుకున్నాను. ఫిర్యాదు కూడా చేశాను. కొన్నాళ్లకు ఆ చానెల్లో చదివి పెట్టినవన్నీ మాయమయ్యాయి. ఇకముందు ఎవరూ ఎత్తుకుపోకుండా నవలకు తాళం వేయమని గ్రూపులో చెప్పారు, యాప్‌లో ఆ సదుపాయం ఉంది. వేశాను. ఇక నా రాతలో ఒక్క వాక్యాన్ని కూడా ఎవరూ కాపీ చేసుకోలేరు.

అమ్మకు మాత్రం నచ్చలేదు. "సదివితే సదవనియ్యరాదు బిడ్డా. సదువు రానోళ్లు ఇంటున్రు గద," అంది. నీకు తెలియదు, ఊరుకో అన్నాను. ఇవాళ అడిగినా నేను చేసింది తప్పనను. దొంగతనం దొంగతనమే.

ఆ చలికాలంలో అమ్మ పోయింది. చాలా రోజులు యాప్ తెరవడానికి చేతులు రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, ఇల్లంతా ఆమె మాట లేక బోసిపోయి ఉంటే, కాసేపైనా చదువుకుందామని తెరిచాను. తెల్లటి తెర మీద రెండు వాక్యాలున్నాయి. సేవలు నిలిపివేశామట, ఇన్నాళ్ల ఆదరణకు కృతజ్ఞతలట.

పరుగున మొబైల్ షాపుకు పోయాను. ఫోన్ కొన్ననాడు నాకు ఈమెయిల్ తయారుచేసి పెట్టింది ఆ షాపతనే. నేను దాన్ని ఒక్కసారీ తెరిచి చూడలేదు. లోన్ల వాళ్లూ ఆఫర్ల వాళ్లూ తప్ప మనకెవరు రాస్తారనుకున్నాను. అతను తెరిస్తే ఆ కంపెనీ ఉత్తరాలు వరుసగా ఉన్నాయి. మూసేస్తున్నాం, మీ రచనలు దాచుకోండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నారో పాపం. తిరిగి మెయిల్ పెడితే చేరలేదు. వాళ్ల నంబరు మోగనే లేదు. గ్రూపులో సిగ్గు విడిచి అడిగాను, నా నవల ఎవరి దగ్గరైనా ఉందా అని. "మీరు తాళం వేశారు కదండీ," అని ఒకామె జవాబిచ్చింది.

పోనీ మళ్లీ రాద్దామని కూర్చున్నాను. కథ మొత్తం గుర్తుంది. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఏ ఏడు వాన మొఖం చాటేసిందో అన్నీ తెలుసు. మాట రావడం లేదు. ఎంత గింజుకున్నా నా పుస్తకాల భాషే వస్తోంది. రాసి, చదువుకుని, చెరిపేశాను. మళ్లీ రాశాను. గోడకు తల బాదుకోవాలనిపించింది. మనిషి పోతే దహనం చేసి వస్తాం, మరి ఆమె మాటను ఎక్కడ పారేసుకున్నానో నాకే తెలియదు.

చివరికి 'దొంగ' అన్న పేరు వెతికి ఫోన్ చేశాను. ఆ పిల్ల నా గొంతు గుర్తుపట్టి బెదిరింది. తిట్టడానికి కాదమ్మా అని బతిమాలాను. చదివినవి నీ దగ్గర ఉంటే ఇవ్వు, నీ చానెల్లోనే పెట్టుకో, నీ పేరే వేసుకో అన్నాను.

"నా ఫోన్ల గూడ ఉంచలే అక్కా. మీరు పోలీసులంటిరి, భయమైంది. అన్ని తీసేసిన."

నాకు ఏడుపు ఆగలేదు. అయినా ఆ పిల్ల ఫోను పెట్టేయలేదు. బాగా వచ్చేదాకా ఒక్కో ముక్కా ఎన్నోసార్లు చదివేదాన్నని, ఒక చోటు మాత్రం నోటికొచ్చని అంది. గొంతు సవరించుకుని చెప్పింది.

"వాన మొగులైతె మా అత్త మీదికి సూడది, నా మొకం సూస్తది. వాకిట్ల ఎండవోసిన కందులు ఎత్తేది నేనే గద. ఎత్తుత, గని నిమ్మలంగ ఎత్తుత. ఆమె గుండె జర కొట్టుకోనీ."

అమ్మే. చాట పక్కన కూర్చున్నట్టే ఉంది. "తర్వాత?" అన్నాను.

"గంతే అక్కా, గంత వరకే యాదికున్నది." మెల్లగా అడిగింది. "రాసింది మీరే గద, మీకు యాది లేదా?"

లేదు అన్నాను.