రెండు నిమిషాలని చెప్పాను

జపాన్ వెళ్తున్నామని తెలిసిన రోజు నేను వంటగదిలో బెండకాయలు తుడుస్తున్నాను. జెద్దాలో ఆ ఇంట్లో చేరి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. సెలవు మీద ఇంటికి పంపుతామన్న మాట రంజాన్ నుంచి హజ్‌కి, హజ్ నుంచి పిల్లల పరీక్షలకి జరుగుతూ వచ్చింది. ఈసారి ఇంటి యజమానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన్ని బాబా అని పిలిచేదాన్ని.

"జపాన్ నుంచి రాగానే నీ టికెట్ తీస్తాను. అమ్మను చూసుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. ఈ పది రోజులు గట్టెక్కించు" అన్నారు.

ఆయన తల్లిని మామా కబీరా అంటాం, పెద్దమ్మగారని. ఎనభై దాటిన మనిషి. మతి నిలిచేది కాదు. కొడుకును చూసి ఒక్కోసారి తమ్ముడనుకునేది. కోడలు, అంటే మా మేడమ్, పళ్ళెం తెస్తే నోరు బిగించేది. నేను అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి నోటికందిస్తే మాత్రం తినేది. నన్ను "బింతీ" అనేది, నా కూతురా అని.

నా సొంత కూతురు కోనసీమలో మా అక్క దగ్గర ఉంది. దాని తండ్రి పోయిన ఏడాదికే నేను విమానం ఎక్కాను. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, తల నా గుండెల దాకా వచ్చేది.

క్యోటో అన్నది మేడమ్ ఎంచుకున్న ఊరు కాదు. పిల్లలకు జపాన్ బొమ్మల సినిమాల పిచ్చి. పాత రాజధాని అట, ఎటు చూసినా గుళ్ళు, చెక్క ఇళ్ళు. మేం వెళ్ళింది జూలైలో. జెద్దా ఎండ ఒళ్ళు కాలుస్తుంది, అక్కడి ఎండ ఉడకబెడుతుంది. మా వైపు తొలకరికి ముందు గాలి ఆడని రోజులుంటాయే, అచ్చం అలాగే. చెట్లమీద కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరిచేవి. మేడమ్ నల్లటి అబాయా మెడ దగ్గర చిన్న బ్యాటరీ ఫ్యాను పెట్టుకుని నడిచేది. పిల్లలు అద్దెకు తెచ్చిన కిమోనోలు కట్టుకుని, ఆకుపచ్చ ఐస్‌క్రీం తింటూ ముందు పరిగెత్తేవారు. వెనకాల నేను, చక్రాల కుర్చీలో పెద్దావిడ. ఇంట్లో చేతికర్రతో నడిచేది, బయటికొస్తే కుర్చీయే. మొదటి రోజు కొండ మీదికి వరసగా నిలబెట్టిన ఎర్ర ద్వారాల కింద నుంచి వెళ్ళాం. మెట్లు మొదలైన చోట మేమిద్దరం ఆగిపోయాం. తెల్లవాళ్ళ జంట ఒకటి నా చేతికి ఫోనిచ్చి తమకు ఫొటో తియ్యమంది. నేనూ వాళ్ళలాగే ఊరు చూడ్డానికి వచ్చానని అనుకున్నారు కాబోలు. ఆ కాసేపు నాకూ అలాగే అనిపించింది.

రెండో రోజు ఒక ఇరుకు సందులో పెద్దావిడ కుర్చీ చక్రం చేత్తో గట్టిగా పట్టుకుంది. అక్కడి ఇళ్ళ ముందు సన్నటి చెక్క పుల్లలు దగ్గర దగ్గరగా బిగించిన కిటికీలున్నాయి. లోపలివాళ్ళకు వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్ళకు లోపల కనిపించదు.

"ఆపు. ఇదే మా ఇల్లు. రోషన్ వెనక మా అమ్మ కూర్చుంది" అంది.

జెద్దా పాతబస్తీలో పగడపురాతి ఇళ్ళకు అలాంటి చెక్క కిటికీలుంటాయి. వాటిని రోషన్ అంటారు. ఆవిడ పుట్టింది ఆ బస్తీలోనే. నేను నవ్వి, "అమ్మ నిద్రపోతోంది, రేపొద్దాం" అని కుర్చీ తోశాను. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ అలాంటివి రోజుకు పది అనేది.

మూడో రోజు మళ్ళీ ఒక కొండ గుడి. కింద చెట్టు నీడలో బల్ల ఉంది. "గంటలో దిగొస్తాం" అని బాబావాళ్ళు మెట్లెక్కారు. పదకొండు కావస్తోంది. నా ఫోనులో అక్కడి సిమ్ లేదు. మలుపులో ఉన్న దుకాణం వైఫై ఒక గీత, రెండు గీతలు తగులుతోంది. అప్పుడే అక్క నుంచి ఫోన్ వచ్చింది. మాట ముక్కలైపోతుంటే లేచి దుకాణం వైపు నాలుగడుగులు వేశాను. ఇంకో నాలుగు వేశాను. మలుపు తిరిగి దుకాణం చూరు కిందికి వెళ్ళాక అక్క గొంతు తేటగా వినిపించింది.

"ఒసే, పాప పెద్దమనిషయ్యిందే. పొద్దున్నే చూసుకుంది. తాటాకు చాప వేసి కూర్చోబెట్టాను."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నువ్వుల చిమ్మిలి దంచుతున్నాను. అది తినదంట. అమ్మ కావాలంటంది. ఇదుగో, మాట్లాడు."

"అమ్మా" అంది నా కూతురు. తర్వాత ఏడుపే. చాలాసేపటికి, "నాకు భయంగా ఉందమ్మా. నువ్వొత్తావా?" అంది.

"వత్తానమ్మా. ఈ నెలాఖరికల్లా వచ్చేత్తాను. బాబా మాటిచ్చారు. భయపడకు, అందరికీ అవుద్దమ్మా."

"కడుపులో నొప్పొత్తందమ్మా."

"పెద్దమ్మనడిగి వేడినీళ్ళ సీసా పెట్టుకో. పెట్టుకున్నావా? ఇప్పుడెలాగుంది?"

ఫోన్ పెట్టెయ్యమని నా చేతికి ఎలా చెప్పను. అది ఏడుపు మానేదాకా మాట్లాడాను. మానాక, చిమ్మిలి ఒక ముద్ద తిన్నానని చెప్పేదాకా మాట్లాడాను. పెట్టేశాక తెర మీద చూస్తే పద్దెనిమిది నిమిషాలని ఉంది.

మలుపు తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కాళ్ళ మీద కప్పిన తువ్వాలు నేల మీద పడి ఉంది. చేతికర్ర లేదు.

ముందు ఒక్కదాన్నే వెతికాను. ఎవరికీ తెలియకముందే దొరుకుతుందనుకున్నాను. బల్ల వెనక, దుకాణాల్లో, మరుగుదొడ్డిలో, మెట్ల పక్కన. నల్ల అబాయాలో ముసలావిడను చూశారా అని చేతులతో అడిగాను. జనం తల వంచి ఏదో మర్యాదగా అన్నారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. పావుగంట అలా పోయింది. అంతలో బాబావాళ్ళు దిగొచ్చారు.

వీధి చివర చిన్న పోలీసు గది ఉంది. లోపల ఒక కుర్ర అధికారి, పెద్ద పటం. ఆయన మాటలు ఫోన్లో ఇంగ్లీషులోకి మారుతుంటే బాబా జవాబిస్తున్నారు. కాసేపటికి బాబా నా వైపు తిరిగారు.

"నువ్వు పక్కకెళ్ళి ఎంతసేపైంది? సరిగ్గా చెప్పు. దాన్నిబట్టి ఎంత దూరం నడిచి ఉంటుందో లెక్క వేస్తారట."

"రెండు నిమిషాలు బాబా" అన్నాను. "నీళ్ళ సీసా కోసం వెళ్ళాను. రాగానే చూస్తే లేదు. అప్పుడే మీరు దిగొచ్చారు."

పద్దెనిమిదని చెబితే ఫోను సంగతి చెప్పాలి. ఫోను సంగతి చెబితే టికెట్ పోతుంది. ఇదంతా ఆలోచించి అన్నానని కాదు, నోరే అనేసింది. అధికారి తల ఊపి, పెన్సిలుతో పటం మీద ఒక గుండ్రం గీశాడు. చిన్నది. నా అరచేతిలో సగం కూడా లేదు.

ఆ గుండ్రం లోపల ఉన్న ప్రతి దుకాణంలో, ప్రతి గుడి ఆవరణలో పోలీసులు వెతికారు. పిల్లల్ని మేడమ్ అక్కడే కూర్చోబెట్టింది. వాళ్ళ చిన్నపిల్ల నాయనమ్మ కోసం ఏడుస్తోంది. నేను మాత్రం ఆ గీత దాటి వెతుకుతున్నాను. ఒక్కదాన్ని, భాష రానిదాన్ని, ఎటు వెళ్ళానో తిరిగి ఎటు రావాలో తెలియనిదాన్ని. "మామా కబీరా" అని సందు సందునా అరిచాను. చెప్పులో చెమటకు కాలు జారి మోకాలు గీరుకుపోయింది. ఎదురుగా రంగు గొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు, ఫొటోలు దిగే ప్రయాణికులు, ఎవరి సంతోషం వాళ్ళది. ఇంతకంటే ఈ వీధిలోనే నా ప్రాణం పోతే బాగుండుననిపించింది. పోతే నా కూతురి సంగతేమిటని మళ్ళీ నేనే అనుకున్నాను.

పోలీసు గదికి తిరిగొచ్చేసరికి మరో గంటన్నర దాటింది. బాబా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అంతటి మనిషి పెదవులు ఎండిపోయి పొట్టు లేచాయి. నాతో కాదు, ఎవరితోనూ కాదు, గోడతో అన్నట్టు అన్నారు.

"అమ్మకు దాహం వేస్తే అడగడం కూడా రాదు ఇప్పుడు."

అప్పుడు చెప్పాను.

"బాబా, రెండు నిమిషాలు కాదు."

ఆయనకు అర్థం కాలేదు.

"ఇరవై నిమిషాలు ఉంటుంది. ఆ తర్వాత కూడా మీకు చెప్పకుండా నేనే వెతికాను. నీళ్ళ కోసం కాదు. ఇంటి నుంచి ఫోనొచ్చింది. మాట్లాడాను."

మేడమ్ లేచి నిలబడింది. "ఇప్పటిదాకా ఎందుకు దాచావు?"

"సెలవు ఆపేస్తారని."

అదే ఊపులో మిగతాదీ చెప్పేశాను. నిన్న చెక్క కిటికీల సందు చూసి ఇదే మా ఇల్లందని, రోషన్ వెనక అమ్మ ఉందని పట్టుపట్టిందని. బాబా తల ఎత్తారు. ఆయనకు వెంటనే అర్థమైంది. అధికారికి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పారు. అధికారి పాత గుండ్రం చుట్టూ ఇంకో గుండ్రం గీశాడు. ఈసారి పెన్సిలు పటం అంచు దాకా వెళ్ళింది. పాత చెక్క ఇళ్ళున్న సందులకు అడ్డగీతలు పెట్టి, సైకిళ్ళ మీద మనుషుల్ని పంపాడు.

అరగంటలో దొరికింది. దిగువన ఒక సందులో, ఎవరూ కాపురం లేని ఇంటి గుమ్మంలో పడి ఉంది. ఒక చేతి వేళ్ళు ఇంకా కిటికీ పుల్లల్లోనే ఉన్నాయి. పక్కింటి ముసలాయన సాయంత్రానికి చల్లబడుతుందని వాకిట్లో నీళ్ళు చల్లడానికి బయటికి వచ్చి చూశాడట. మేం వెళ్ళేసరికి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు, రెండో చేత్తో చెంబుతో నీళ్ళు తీసి ఆవిడ మెడ మీద పోస్తున్నాడు. ఆవిడ ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. నేను "మామా" అంటే కళ్ళు తెరిచింది గానీ నన్ను చూడలేదు.

ఆసుపత్రిలో ఆరు రోజులున్నాం. ప్రాణం నిలబడింది. వడదెబ్బ మెదడు దాకా పోయిందని, ఇక లేచి నడవడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఇంకొంచెం ముందు తీసుకొచ్చి ఉంటే అని కూడా అన్నాడు. బాబా ఆ మాట నాకు అరబ్బీలో తిరిగి చెప్పారు. చెప్పకపోయినా సరిపోయేది. కావాలనే చెప్పారో, తానొక్కడే మొయ్యలేక చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

జెద్దా వచ్చాక నన్ను పంపించెయ్యాలని మేడమ్ అంది. పాస్‌పోర్టు మీద ఖురూజ్ కొట్టించి, అంటే మళ్ళీ రాకుండా పూర్తిగా. ఆ మాట విని రాత్రి సంచీ సర్దుకున్నాను కూడా. ఏజెన్సీ నుంచి ఇంకొక ఆవిడను తెచ్చారు. మూడు రోజులు ఆవిడ చేతి నుంచి పెద్దావిడ ఒక్క మెతుకు తీసుకోలేదు. నాలుగో రోజు బాబా నన్ను పిలిచి పళ్ళెం నా చేతికిచ్చారు. నేను ముద్ద పెడితే నోరు తెరిచింది.

"నువ్వుండు" అన్నారు బాబా. ఆయన గొంతులో కోపం లేదు. "మా అమ్మ ఉన్నంతకాలం సెలవు మాట ఎత్తొద్దు. నిన్ను పంపితే ఆమె చనిపోతుంది. ఆ సంగతి నీకూ తెలుసు."

నా ఫోను మేడమ్ దగ్గర ఉంటుంది, శుక్రవారం ఇస్తుంది. పాపకు లంగా ఓణీ వేడుక నా కోసం రెండు నెలలు ఆపి చూసింది అక్క. ఇక లాభం లేదని ముహూర్తం పెట్టేసింది. కనీసం బట్టలైనా నా చేత్తో పంపాలని, మేడమ్‌ని బతిమాలి ఒక గురువారం డ్రైవరుతో మనవాళ్ళ దుకాణాలుండే షరఫియా బజారుకు వెళ్ళాను. అక్కడ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన దర్జీ ఉన్నాడు. మర్నాడు మా వైపు విమానమెక్కే మనిషి ఉన్నాడని ఆ పొద్దునే తెలిసింది, సాయంత్రమే అతని చేతికి అందించాలి.

"పిల్ల ఎంతెత్తుంటదక్కా? నడుము కొలత చెప్పు" అన్నాడు.

"తెలీదండి."

"ఫోన్ చేసి అడుగరాదు?"

"ఫోను నా దగ్గర లేదండి."

ఆయన టేపు మెడలో వేసుకుని నన్ను చూశాడు. దుకాణంలో బట్టలకోసం వచ్చిన ఒక పిల్లను పిలిచి నిలబెట్టాడు. "ఇంతుంటదా? ఇంకా పొడుగా?" నేను చెయ్యి గాలిలో పైకి కిందికి కదిపాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. చివరికి నా భుజం దగ్గర ఆపాను. వేడుక ఫొటోలు వచ్చాక చూశాను. లంగా నాలుగు వేళ్ళు పొట్టి. అక్క కింద జరీ అంచు వేసి కుట్టింది.

ఇదంతా జరిగి రెండేళ్ళయింది. పెద్దావిడ మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా రాసుకుంటున్నాను. ఆవిడ ఇప్పుడు మాట్లాడదు. నన్ను చూస్తే మాత్రం చెయ్యి చాపుతుంది. నేనంటే ఆవిడకు ఉన్నది ప్రేమే. నాకూ ఆవిడంటే ప్రేమే. అయినా నా సెలవు ఎప్పుడని అడగడమంటే ఈవిడ ఎప్పుడు పోతుందని అడగడమే. అందుకే బాబాను ఎప్పుడూ అడగను.

పోయిన వారం ఆవిడకు జ్వరం వచ్చింది. డాక్టరు ఇంటికొచ్చి, గుండె బలహీనంగా ఉంది, ఈ రోజు గడిస్తే గానీ చెప్పలేను అని వెళ్ళిపోయాడు. పొద్దుట్నుంచి తడిగుడ్డలు వేస్తూనే ఉన్నాను. మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఎవరూ గదిలో లేరు. గుడ్డ ముంచి పిండి, నుదుటి మీదికి తెచ్చి, ఆపాను. నా చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఎంతసేపో చెప్పలేను. ఈసారి ఎవరూ అడగలేదు కూడా. గుడ్డ నుంచి నీళ్ళు కారి నా మోచెయ్యి తడిసింది. అప్పుడు నుదుటి మీద వేశాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ వేశాను.

సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినిపించేసరికి జ్వరం దిగింది. బాబా వచ్చి తల్లి పాదాలు పట్టుకుని చూసి వెళ్ళారు. నేను షోర్బా వేడి చేసి తెచ్చాను. రెండు చెంచాలు తాగింది. మూడోది నోటి దగ్గర పట్టుకుని ఉండగానే నిద్రలోకి జారుకుంది.