కొబ్బరి పీచుతోని తోమిన సినిమాలు

మొన్న ఆదివారం నలభై మంది ముంగట నా ఇజ్జత్ పోయింది, గదే గంటల నా నౌకరి నిలవడ్డది. రెండు ఒక్కపారే ఎట్లయితయి అంటరా? నాకు గూడ ఇంక సమజ్ కాలే. చాయ్ పోసుకోండ్రి, చెప్త. నడుమల ఆపకుండ్రి, ఆపితే నేను మర్చిపోత.

మా ఆయన పోయినంక ఆయన నౌకరి నాకొచ్చిందని మీకెరుకే. ఆరేండ్లు బెల్టు కాడ నిలవడ్డ. బొగ్గు బెల్టు మీద ఉరుక్కుంట వస్తది, దాంట్లకెల్లి రాళ్ళు ఏరి పక్కకు పారెయ్యాలె. ఎనిమిది గంటలు నిలవడుడే. మోకాళ్ళు పోయినయి, దగ్గొచ్చింది. ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి, కాలనీల కమ్యూనిటీ హాలుకు మార్పిచ్చుకున్న. ఊడ్చుడు, కుర్సీలేసుడు, తాళాలు పట్టుకోని కూసునుడు. గని ఆఫీసోళ్ళు ఒక్క మాటన్నరు. "మూడు నెలలు చూస్తం లచ్చక్కా. హాలు సారు మంచిగ చేసిందని సంతకం పెడితే అక్కడ్నే. లేకుంటె మల్ల బెల్టు కాడికే." ఇది మూడో నెల.

ఆ హాలు సారు కొత్తగొచ్చిన వెల్ఫేర్ ఆఫీసరు, శ్రీకాంత్ సారు. మంచోడే. పెండ్లి గాలే. హైదరాబాద్ కెల్లి వచ్చుకుంట బట్టల కన్న ఎక్కువ సీడీలు తెచ్చుకున్నడు. పెద్ద హీరోలు లేని సినిమాలట. ఎవ్వని మాట ఇనకుండ, అప్పు సప్పు చేసి, ఎవ్వలకు వాళ్ళే తీసినయట. "అక్కా, మన కార్మికులకు గిసొంటివి చూపియ్యాలె. వారానికొక తీరుది. ఒకపారి దయ్యం సినిమా, ఒకపారి నవ్వేది, ఒకపారి ప్రేమది" అన్నడు. ఆదివారం నాలుగింటికి ఆట. గోడకు తెల్ల బట్ట కట్టుడు నా పని.

ఎవ్వలొస్తరు అనుకున్న. గని మే నెల గదా, మా గోదావరిఖని ఎండ మీకెరుకే. హాలుల రెండు పెద్ద కూలర్లున్నయి. నలభై మందొచ్చిన్రు. రిటైరైనోళ్ళు, రాత్రి డ్యూటీ దిగి నిద్రవోయి లేచినోళ్ళు, పెండ్లాలు. సారు గా జనాన్ని చూసి, "చూసినవా అక్కా, మంచి సినిమాకు ఎట్లొస్తరో" అన్నడు. కూలర్ల ముచ్చట నేనెందుకు చెప్త.

మొదటి వారం దయ్యం సినిమా. గంటన్నర కూసున్నం, దయ్యం రాలే. ఒక ఆమె ఇల్లు తుడుస్తది, కుర్సీల కూసుంటది, తలుపు దిక్కు చూస్తది. అయిపోయింది. "ఎట్లుంది అక్కా?" అని సారు అడిగిండు.

"దయ్యమేది సారూ?"

"భయం లోపట ఉంటది అక్కా."

"ఏ లోపట సారూ? ఇంట్ల అన్ని అర్రలు చూపిచ్చిన్రు గదా."

రెండో వారం నవ్వే సినిమా. ఒకాయన ఒక కాయితం మీద ముద్ర కోసం ఆఫీసుల సుట్టు తిరుగుతడు. సినిమా మొత్తం తిరిగి తిరిగి సచ్చిపోతడు. సారు ఒక్కడే పడి పడి నవ్విండు. రాజలింగు కాక లేడా, బెల్లంపల్లి కాక, గనిల కప్పు కూలకుండ ముప్పై ఏండ్లు దిమ్మెలు నిలవెట్టిన మనిషి, ఆయన లేచి, "నా పింఛను కాయితం గిట్లనే తిరిగింది సారూ. గిండ్ల నవ్వేదేమున్నది?" అన్నడు.

మూడోది ప్రేమ. ఒక పిలగాడు, ఒక పిల్ల రోజు ఒక్క బస్సుల పోతరు. ఒక్క మాట మాట్లాడుకోరు. ఆఖరుకు ఆ పిల్ల వేరే బస్సెక్కుతది. నాల్గోది దొంగ సినిమా. దొంగ దొరకడు, పోలీసాయన ఇంటికి పొయ్యి బువ్వ తిని పండుకుంటడు. నేను వెనుక కుర్సీల కూసోని అన్ని చూసిన. ఏది దేనికి తీశిన్రో సమజ్ గాక నా తలకాయ తిరిగింది. గని ఒకటి నిజం, ఇంటికి పొయ్యినంక గూడ గా బస్సు పిల్ల యాదికొస్తుండె. నోరు తెరిస్తే ఏం పోతుండెనే నీకు, అని కూర కోసుకుంట తిట్టిన.

ఇగ నేను చేసిన ఘనకార్యం ఇనుండ్రి. ఐదో వారం ఆటకు ముందు, పొద్దున హాలు ఊడుస్తున్న. మా ఊర్ల బొగ్గు దుమ్ము అన్నం మీద గూడ పడ్తది, సీడీల మీద పడదా? హాలుల వెట్టిన డబ్బాల ఏడు సీడీలు నల్లగున్నయి. సారు వచ్చేసరికి తళతళ మెరవాలె అనుకున్న. సంతకం పెట్టే నెల గదా. నల్ల కాడ కూసున్న. సబ్బు పొడి, కొబ్బరి పీచు. స్టీలు పల్లాలు తోమినట్టే తోమిన. మొదటిది ఆ రోజు ఆడేది. దాని అంచుకు మరకుండె, కొత్త సామాను గదా అని జర భయపడి అంచు వరకే రుద్దిన. అది మంచిగ మెరిసింది. ధైర్యమొచ్చింది. మిగిలినయి నడుమ, అంచు అనకుండ మొత్తం రుద్దిన. గోడ మీద ఎండకు ఆరవెట్టి, తుడిచి డబ్బాల వెట్టిన. సారు చూసి, "అరె, ఎంత నీట్‌గున్నయి అక్కా" అన్నడు. ఎట్ల చేసినవని అడగలే. నేను చెప్పలే.

నాలుగింటికి ఆట మొదలైంది. బావి సినిమా. ఒకాయన ఎండిపోయిన బావిల పూడిక తియ్యనీకి దిగుతడు. పైన ఆయన పెండ్లాం తాడు పట్టుకోని ఉంటది. గంతే కథ. గని మావోళ్ళు ఒక్కలు గూడ నిద్రవోలే. దిగుడంటే వాళ్ళకెరుకైన పని గదా. కుర్సీల అంచుకు జరిగిన్రు.

"గాలి చూడకుండ దిగుతున్నడేంది వీడు? ముందుగాల దీపం దింపాలె గదా."

"నెత్తిమీద టోపీ లేదు."

"ఆ పక్క చూడు, మట్టి రాలుతున్నది. కూలే ముందు కప్పు గిట్లనే మాట్లాడుతదిరా, ఎక్కుర ఎక్కు."

నడుమల సారుకు ఫోనొచ్చింది. ఆఫీసుల ఏదో అర్జెంటు పని. "అయిపోయినంక బంద్ చెయ్యి అక్కా" అని బండెక్కి పోయిండు.

తెర మీద ఆ ఆడామె బావిలకు వంగి మొగన్ని పిలుస్తది. జవాబు రాదు. మల్ల పిలుస్తది. తాడు వదులైతది. తెర మొత్తం నల్లగైంది. నల్ల దాని మీద పేర్లు వస్తున్నయి.

నేను లైట్లేసిన. ఒక్కలు లేస్తలేరు.

"లేవుండ్రి, అయిపోయింది" అన్న.

"ఏమయిపోయింది?" అన్నడు రాజలింగు కాక. "మనిషి లోపట్నే ఉన్నడు గదా."

"సినిమా కాకా."

"సినిమా అయితేంది బిడ్డా. షిఫ్టు దిగంగ వాపసిచ్చే దీపాలల్ల ఒక్కటి తక్కువొస్తే ఇంటికి పోయినమా ఎన్నడన్న? లోపట మనిషిని వెట్టి ఎట్ల పోతం? మిగిలింది ఎయ్యి."

నలభై మందికి అదే మాట. చేతులు కట్టుకోని కూసున్నరు. అప్పుడు నాకు పొద్దుటి ముచ్చట యాదికొచ్చింది. సినిమాకు ఆఖరు ఎందుకు లేదు? పొద్దున నేను రుద్దింది అంచు గదా. అంచుకేముంటది, ఆఖరే ఉంటది. కొబ్బరి పీచుతోని మనిషిని బావిల్నే ఉంచిన నేను. సారు వాపస్ వచ్చేసరికి వీళ్ళు గిట్లనే కూసుంటె, ఏమైందని అడుగుతడు, సీడీ చూస్తడు, ఇగ సంతకం లేదు, బెల్టే.

అందుకనే అబద్ధమాడిన. "కాకా, సీడీల జర మరకున్నది, ఆఖరుది పడ్తలేదు. గని నేను పొద్దున ఏసి చూసిన. ఆయన బయటికొచ్చిండు."

"ఎవ్వలు గుంజిన్రు?"

"ఆయన పెండ్లామే."

"ఒక్కతె ఎట్ల గుంజుతది? నిండు మనిషి."

"పక్కింటోళ్ళు ఉరికొచ్చిన్రు. ఎనిమిది మంది."

"దెబ్బలు?"

"కాలు విరిగింది. కుడిది."

"దవాఖానకు?"

"ఆటోల తీస్కపోయిన్రు. కట్టు కట్టిన్రు. పదిహేను రోజుల్ల నడిచిండు."

వెనుక కెల్లి ఒకామె, "మల్ల ఆ బావిల దిగిండా?" అన్నది.

"దిగనియ్యలే ఆమె" అన్న. అది చెప్పంగనే అందరు ఊపిరి పీల్చుకున్నరు. లేచిన్రు. కాక నా దగ్గరికొచ్చి, "మంచి సినిమా బిడ్డా. గీ నెలల ఇదొక్కటే సమజైంది" అని పోయిండు.

వారం రోజులు నాకు నిద్ర సరిగ్గ లేదు. ఆదివారమొచ్చింది. అందరు కూసున్నరు. సారు నిలవడి నవ్వుకుంట అడిగిండు. "పోయిన వారం నేను ఆఖరుకు లేను గదా. బావి సినిమా ఎట్లుంది?"

నేను చీపురు పట్టుకోని తలుపు దిక్కు జరిగిన.

"మస్తుంది సారూ" అన్నడు కాక. "ఆటోల దవాఖానకు తీస్కపోయినంకనే మనసు నిమ్మళమైంది."

"ఆటోనా?"

"కాలు విరిగినంక."

"ఎవరి కాలు?"

"బావిల పడ్డాయనది. కుడి కాలు సారూ. మీరు చూడలేదా?"

సారు మొఖం చూడాలె మీరు. ఆ సినిమా నాలుగుపార్లు చూసిండట. కాక దిక్కు చూసిండు, నలభై మంది దిక్కు చూసిండు. అందరు అవునన్నట్టు తలకాయలూపుతున్నరు. తనే ఏదో మర్చిపోయిండేమో అని నెత్తి గోక్కున్నడు. ఇగ దాచి ఫాయిదా లేదనుకున్న.

"సారూ, తప్పు నాదే. సీడీ అంచు కొబ్బరి పీచుతోని తోమిన. ఆఖరుది కొట్టుకపోయింది. ఆటో, కాలు, పక్కింటోళ్ళు, అన్ని నేను కల్పిచ్చిన. బెల్టు కాడికి పంపుతరా, పంపుండ్రి. గని వీళ్ళను తిట్టకుండ్రి."

వెనుక కెల్లి ఎవ్వలో "హవ్వ, ఆటో అబద్ధమా" అన్నరు. నా ఇజ్జత్ పోయిందంటే ఇదే.

సారు నవ్విండు. "అక్కా, ఏం కొట్టుకపోలే. సినిమా గంతే. తీసినాయన అక్కడ్నే ఆపిండు."

"ఎందుకు సారూ? పైసలు అయిపోయినయా?"

"చూసెటోళ్ళు ఆలోచించాలెనని."

"మనిషిని బావిల వెట్టి ఆలోచించుడేంది?" అన్నడు కాక.

అప్పుడు సారు అందరికి మంచిగ సమజాయించిండు. ఇసొంటి సినిమాలల్ల ఉరుకులాట ఉండదు. ఆగితే ఆగిందని లేవద్దు, ఆ ఆగుట్లనే ఏదో ఉంటది, ఓపికగ చూడాలె. "ఇయ్యాలది పల్లెటూరి సినిమా. నా దోస్తు పంపిండు. నేను గూడ ఇంక చూడలే. అందరం ఒక్కపారే చూద్దాం" అని ఆ డబ్బాల కెల్లే ఒక సీడీ తీసి వెట్టిండు.

ఒక చెరువు. దాంట్ల ఒక బర్రె. ఒడ్డు మీద ఒక ముసలవ్వ బీడీలు చుడుతున్నది. ఐదు నిమిషాలు మంచిగ నడిచింది. బర్రె తలకాయ ఎత్తి మా దిక్కు చూసింది. చూసి, ఇగ కదలలే.

ఎవ్వలు మాట్లాడలే. ఇప్పుడే నేర్చుకున్నం గదా. కూలర్ చప్పుడు తప్ప ఏం లేదు. బర్రె మమ్ముల చూస్తున్నది, మేం బర్రెను చూస్తున్నం.

పది నిమిషాలైనంక కాక నా దిక్కు వంగి, "ఏం ఆలోచించాలె బిడ్డా?" అని మెల్లగ అడిగిండు.

"బర్రె ఏం ఆలోచిస్తున్నదో గది" అన్న.

"కుడితి తాగే యాళ్ళయిందని ఆలోచిస్తుండచ్చు."

ముంగట సారు గదువ కింద చెయ్యివెట్టుకున్నడు. వెనుకకు తిరిగి, "చూడుండ్రి, కాలం ఎట్ల నిలవడ్డదో" అన్నడు. అందరు తలకాయలూపిన్రు. ఒకామె ముక్కు చీదింది. నాకు గూడ ఏదో అవుతున్నది. ఆ బర్రె కండ్లు చూస్తుంటె నా ఆరేండ్ల బెల్టు, మోకాళ్ళు, అన్ని యాదికొచ్చినయి. కొంగు అడ్డం వెట్టుకున్న.

ఇరవై నిమిషాలైంది. అప్పుడు మిషన్ గర్రుమన్నది, సీడీని దానంతట అదే బయటికి కక్కింది. తెర నీలంగైంది.

సారు లేచి సీడీని లైటు కాడ పట్టి చూసిండు. నాగలి దున్నిన చెల్క లెక్కున్నది. నా దిక్కు తిరిగిండు.

"అక్కా. ఎన్ని తోమినవ్?"

"ఏడు సారూ."

సారు జనాన్ని పంపిచ్చి, కుర్సీల కూసోని శానసేపు ఆ సీడీనే తిప్పి తిప్పి చూసిండు. నేను తాళాలు టేబుల్ మీద వెట్టిన, ఎట్లయిన పోయేటియే గదా అని. గని ఆయనకు వచ్చిన కష్టం వేరే. నా మీద కంప్లైంట్ రాస్తే ఏమని రాయాలె? సీడీ ఆగిపోతే, ఆఫీసరు నలభై మందిని కూసోవెట్టి, ఇరవై నిమిషాలు ఒక బర్రె బొమ్మను చూపిచ్చి, కాలం నిలవడ్డదని చెప్పిండని గూడ రాయాలె గదా.

తాళాలు నా దిక్కే జరిపిండు. మూడు నెలల కాయితం తీసి సంతకం పెట్టిండు. పెట్టి, "ఈ ముచ్చట ఇక్కడ్నే ఉండాలె అక్కా" అన్నడు. సరే అన్న. అందుకే మీకు తప్ప ఇంకెవ్వలకు చెప్పలే.

తలుపు కాడికి పొయ్యి మల్ల ఆగిండు. "నిజం చెప్పు, నీకు ఆగిపోయిందని ఏడ్నన్న అనుమానం రాలేదా?"

ఏం చెప్పాలె? మా ఆయన పోయిననాడు నలుగురి ముంగట కంట్ల నీళ్ళు పెట్టని మనిషిని నేను. సబ్బు పొడి ఏసి నా చేతులతోని నేనే ఖరాబ్ చేసిన బర్రెను చూసి, కొంగు తడిసేదాక ఏడ్చిన.